పెరటి పాకలో బొగ్గు గీతలు

సునీత ఏదీ దాచుకోలేని మనిషి. ఆరేళ్ళపాటు అదే ఆమెకు చేటు చేసింది.

బీజాపూర్ జిల్లా దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊళ్ళో ఆమె కాపురం. భర్త దుర్గేశ్‌ది రెండెకరాల మిరపచేను. ఇల్లు మాత్రం అత్త నాగేశ్వరమ్మది. కాగితం మీద ఎవరి పేరున్నా ఆ ఇంట్లో చెల్లేది ఆమె మాటే.

ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. ఆడమనిషికి ఎరుపు కనబడిందంటే అయిదు రోజులు పెరటి పాకలో ఉండాలి. చేనుకు పోవచ్చు, కాయ కోయవచ్చు. గడప తొక్కకూడదు, నీళ్ళబిందె ముట్టకూడదు, మొగుడి మంచం వైపు చూడనే కూడదు. నాగేశ్వరమ్మకు చదువు రాదు కాబట్టి కోడలు పాకలో ఉన్న ప్రతి రోజుకూ గోడమీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. అమావాస్య వస్తే ఒక సున్న చుడుతుంది. అయిదో గీత పడిన మర్నాడు కోడలు తలంటుకుని లోపలికి రావాలి. పిడుగు పడ్డా ఈ పద్ధతి మారదు.

చిక్కేమిటంటే సునీతకు ఆ ఎరుపు నెలకొకసారి కనబడి ఊరుకోదు. తలంటుకున్న పది రోజులకు మళ్ళీ ఒకటి రెండు చుక్కలు. ఇంకొకతె అయితే గుడ్డ ఉతికి ఆరేసి నోరు మూసుకునేది. సునీత మాత్రం చాప చంకన పెట్టుకుని, "అత్తమ్మా, మళ్ళ బయటయిన" అని చెప్పి మరీ పాకకు పోయేది. నాగేశ్వరమ్మ నిట్టూర్చి బొగ్గు అందుకునేది.

అలా ఆరేళ్ళు. పిల్లలు లేరు. పక్కింటి పాపను చంకనేసుకుని మిరపకాయలు కోసేది సునీత. పొద్దు వాలాక తల్లి వచ్చి పాపను తీసుకుపోతే చంక వెలితిగా ఉండి ఏడుపొచ్చేది. నాగేశ్వరమ్మ దయలేని మనిషేమీ కాదు. ఆమె మొక్కని దేవత లేదు, కోడలి చేత మింగించని వేరు లేదు. మనవడికనో మనవరాలికనో పాత చీరలు ఉతికి మడిచి పెట్టెలో దాచింది కూడా.

ఆ చలికాలం ఊరంతా మలేరియా పరీక్షలు చేస్తూ కోసే అనే మితానిన్ వచ్చింది. గోదావరి అవతల తెలంగాణలో ఆశా కార్యకర్త అనే మనిషినే ఇటు మితానిన్ అంటారు. కోసే దోర్లా తెగ పిల్ల. నాలుగు భాషలు గలగలా మాట్లాడుతుంది, నాలుగు భాషల్లోనూ జనాన్ని చివాట్లు పెడుతుంది. సునీత అప్పుడు పాకలో ఉంది. కోసే పాకలోకే వచ్చి వేలికి సూది గుచ్చి, తల ఎత్తి గోడ చూసింది.

"ఇవేంది అక్కా?"

"నేను బయటున్న దినాలు. అత్తమ్మ గీస్తది."

కోసే సూది కిందపెట్టి దగ్గరగా వెళ్ళింది. "సున్నకూ సున్నకూ నడుమ రెండేసి గుంపులున్నయ్. నెలకు రెండుసార్లు ఎవరికైతది?"

"నాకైతది," అంది సునీత, అది తన తప్పన్నట్టు.

కోసే ఫోను తీసి గోడ ఫొటో తీసుకుంది. వారం తిరక్కుండానే సునీతను బీజాపూర్ బస్సెక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో అడిగింది, ఎప్పుడెప్పుడు కనబడుతుంది, ఎన్నాళ్ళుంటుంది అని. సునీత కోసే వైపు చూసింది. కోసే ఫోను ముందుకు చాపింది. డాక్టరమ్మ ఫొటోను పెద్దది చేసి చూసింది, గీతలు లెక్కపెట్టింది, ఇంత పద్ధతిగా ఎవరు రాశారని అడిగి నవ్వింది. ఆ తర్వాత స్కానింగ్ చేయించింది. గర్భసంచి లోపలి పొరకు అంటుకుని చిక్కుడుగింజంత కండ పెరిగింది. దాన్ని పాలిప్ అంటారట. నడుమ కనబడే చుక్కలు దానివల్లే కావచ్చు, బిడ్డ నిలవకపోవడానికీ అదొక కారణం కావచ్చు, తీయించుకుంటే మంచిదంది. దుర్గేశ్‌కు కూడా పరీక్ష రాసింది. అతను నాలుగు రోజులు గొణిగి వెళ్ళి చేయించుకున్నాడు. అతనిలో ఏ లోపమూ లేదు.

ఆపరేషన్ మాట వినగానే నాగేశ్వరమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"మా చెల్లెకు గట్లనే చిన్నది తీస్తమని సంచి మొత్తం తీసి పంపిన్రు. నా కోడలికి వద్దు."

"కోసుడు లేదు, కుట్లు లేవు పెద్దమ్మా," అంది కోసే. "సన్న గొట్టం పంపి గా కండ ఒక్కటే తీస్తరు. సంచి ఉన్నకాడనే ఉంటది." చివాట్లు పెట్టడం అలవాటైన గొంతు ఈసారి మెత్తబడింది. "ఇంకొకటున్నది. నడుమ కనబడేది ముట్టు కాదంట. కడుపు నిలిచేది సరిగ్గ గా దినాల్లనేనంట. గప్పుడే కోడల్ని నువ్వు పాకల పండబెడ్తున్నవ్."

నాగేశ్వరమ్మ లేచి పెరట్లోకి నడిచింది. చదవడం రాకపోయినా లెక్కపెట్టడం వచ్చు. గోడకు వేలు ఆనించి ఒక్కొక్క గుంపే తడుముతూ చాలాసేపు నిలబడింది. ఆరేళ్ళ గీతలు, అన్నీ తన చేతివే. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బస్సు ఎన్ని గంటలకు?" అని మాత్రం అడిగింది.

గోదావరి అవతలి పట్నంలో ఆ కండ తీశారు. సునీత మర్నాటికి ఇల్లు చేరింది. ముక్కను పరీక్షించి భయం లేదన్నారు. వచ్చే నెలసరి తర్వాత ప్రయత్నించండి, బిడ్డ నిలుస్తుందని మాటివ్వలేం గానీ అడ్డమైతే పోయింది, చుక్కలు ఇంకా ఒకటి రెండుసార్లు కనబడినా కంగారుపడొద్దు అన్నారు.

మిరప కోతలైపోయి చింతపండు రోజులొచ్చాయి. నెలసరి అయింది. అత్త కళ్ళముందే సునీత అయిదు రోజులు పాకలో గడిపి, తలంటుకుని లోపలికి వచ్చింది. గోడమీద అయిదు గీతలూ పడ్డాయి. కట్టుబాటు అంత తొందరగా పోతుందా!

పది రోజులైంది. ఒక పొద్దున మళ్ళీ చిన్న మరక. డాక్టరు చెప్పింది గుర్తుంది. కానీ ఆరేళ్ళ అలవాటు కాళ్ళలో ఉంది. సునీత చాప చంకన పెట్టుకుని పాక తడిక తీసింది.

లోపల అడుగు పెట్టే చోటు లేదు. నేల నుంచి చూరుదాకా చింతపండు బస్తాలు. నిన్న సాయంత్రం ఇవన్నీ వసారాలోనే ఉన్నాయి.

నాగేశ్వరమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతోంది.

"అత్తమ్మా, పాకల చింతపండున్నది."

"ఉంటది. ఇంక యాడ పెట్టాలె?"

"మరక కనబడ్డది."

నాగేశ్వరమ్మ తల ఎత్తలేదు. "నెలదా, నడుమదా?"

"నడుమదే."

"నడుమదైతే నాకెందుకు చెప్తవే పిచ్చిదానా," అంది నాగేశ్వరమ్మ, ఇంకో కాయ కొట్టి గింజ తీస్తూ. "పోయి నీ మొగునికి చెప్పు."

సునీతకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చాప చంకలోనే పెట్టుకుని గడప దాటి ఇంట్లోకి వెళ్ళింది.