జట్కా గుర్రానికి పుట్టిన పిల్ల

మా నాన్న ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం దాకా జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. కొన్నాళ్ళు గుడికొచ్చే ముసలివాళ్ళూ, బస్తాలు వేసుకునే కొట్లవాళ్ళూ మిగిలారు. తర్వాత వాళ్ళూ మానేశారు. బండి విప్పి కర్రంతా పొయ్యిలోకి వాడేసుకున్నాం గానీ, గుర్రాన్ని మాత్రం నాన్న అమ్మలేదు. ముసలి ఆడగుర్రం, పైగా చూడితో ఉంది. పక్క ఊళ్ళో డేరా వేసిన సర్కస్ వాళ్ళ మగగుర్రం తాడు తెంపుకుని వచ్చి చేసిన పని అది అని నాన్న నవ్వుతూ చెప్పేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున అది ఈనింది. ఎర్రటి ఆడపిల్ల, నుదుట వేలెడు తెల్లమచ్చ. కాళ్ళు మాత్రం ఒంటికి సరిపోనంత పొడుగు.

"ఇది బండికి పనికిరాదే. ఆ కాళ్ళు చూడు," అన్నాడు నాన్న.

"మరెందుకు పనికొస్తుంది?" అంది అమ్మ.

"ఏమో, పెరగనీ."

దానికి పేరంటూ పెట్టలేదు. నాన్న 'పిల్ల' అనేవాడు. అదే ఉండిపోయింది. ముసలిదయ్యేదాకా అది మాకు పిల్లే.

దానికి కళ్ళెం అలవాటు చేస్తుండగానే నాన్న గుండెపోటుతో పోయాడు. ఇల్లు గడవడం కోసం అన్నయ్య ఆటో కొనుక్కున్నాడు. జట్కాను మూలన పడేసిన ఆటోనే మా ఇంటికి అన్నం పెట్టింది. అన్నయ్య రోజూ పొద్దున్నే పిల్లను కాలవ గట్టు మీద పరిగెత్తించి, ఉలవలు పెట్టి, ఆ తర్వాత ఖాకీ చొక్కా తొడుక్కుని స్టాండుకు వెళ్ళేవాడు. అన్నయ్య సన్నగా, పొట్టిగా ఉండేవాడు. నాన్న పోయాక పెద్దగా మాట్లాడేవాడు కాదు. గుర్రం దగ్గర మాత్రం అతని గొంతు వినపడేది.

మొదటి పందెం పక్క ఊరి అమ్మవారి తీర్థంలో. కోతలైపోయిన చేలల్లో పొడుగ్గా దారి చదును చేసి, అటూ ఇటూ తాళ్ళు కట్టారు. నేను అప్పటికి టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. అమ్మా నేనూ ఎవరిదో ట్రాక్టరు తొట్టి ఎక్కి కూర్చున్నాం. పెద్ద పెద్ద ఆసాముల గుర్రాలు, మెడల్లో పూసలు, కాళ్ళకు రంగు గుడ్డలు. మా పిల్లకు ఏమీ లేవు. "ఆ ఆటో అబ్బాయి గుర్రమా? మూడో చక్రం ఎక్కడండీ?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. పిల్ల మీద కూర్చున్న అన్నయ్య తలెత్తలేదు.

జెండా ఊపగానే అన్ని గుర్రాలూ దూకాయి, మాది వెనకబడిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది. సగం దూరం దాకా అది ఏదో ఆలోచిస్తున్నట్టే పరిగెత్తింది. ఆ తర్వాత చెవులు రెండూ వెనక్కి అణిచి మెడ చాపింది. నాకు గుర్తున్నది ఆ మెడే. కాళ్ళు ఎప్పుడు కదిలాయో నేను చూడలేదు. గెలుపు గీత దాటేసరికి దాని వెనక చాలా ఖాళీ ఉంది.

"అమ్మా, కళ్ళు తెరువు," అన్నాను.

"పడిపోయాడా?"

"గెలిచాడే!"

ఆ రోజు ఇచ్చిన ఇత్తడి బిందెను అమ్మ చింతపండుతో తోమి వాకిట్లో పెట్టింది, దారిన పోయేవాళ్ళకు కనపడేలా.

అలా కొన్నేళ్ళు సాగింది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఎక్కడ తీర్థం జరిగినా, జాతర జరిగినా పిల్ల వెళ్ళేది, గెలిచేది. మా వైపు అన్ని పందేల్లోనూ అదే తీరు. మొదట వెనకబడడం, తర్వాత ఆ మెడ చాపడం. పిఠాపురం వైపు నుంచి ఒకాయన మంచి నల్లగుర్రాన్ని తెచ్చేవాడు. ఆయనకు ఎప్పుడూ రెండో బహుమతే. మీసాలు తుడుచుకుంటూ మా అన్నయ్య దగ్గరకొచ్చి, "దీనికి ఏం పెడతావయ్యా నువ్వు?" అని అడిగేవాడు. "ఉలవలేనండి," అనేవాడు అన్నయ్య. నిజమే, అంతకుమించి పెట్టే స్తోమత మాకు లేదు.

అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో పిల్ల కోసం ప్రార్థన చేయించాలని చూసేది. పాస్టరు అయ్యగారు మొహమాటస్తుడు.

"పందేల కోసం ప్రార్థన చెయ్యకూడదమ్మా," అన్నారు ఒకసారి.

"పందెం కోసం కాదండి అయ్యగారూ. దాని కాళ్ళ కోసం చెయ్యండి చాలు."

అయ్యగారు సమస్త జీవరాశి క్షేమం కోసం అని కలిపి చేశారు. అమ్మ గట్టిగా ఆమేన్ అంది.

ఎండాకాలం వస్తే అన్నయ్య పిల్లను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఉప్పాడ తీసుకెళ్ళేవాడు. తడి ఇసుకలో పరిగెత్తిస్తే కాళ్ళకు బలమని అతని నమ్మకం. ఒకసారి నేనూ వెళ్ళాను. అలల అంచున అది పరిగెడుతుంటే, వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి చూశారు. ఇప్పుడు ఆ ఇసుక మేర లేదు. సముద్రం లోపలికి వచ్చేసింది, ఒడ్డంతా బండరాళ్ళు పోశారు.

నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, నిడదవోలు వెళ్ళిపోయాను. మా ఆయన రైల్వేలో గుమాస్తా. ఆ తర్వాతి సంగతులు చాలా మటుకు ఫోనులోనే తెలిసేవి. పిల్ల కాలు దెబ్బతిన్న రోజు మాత్రం నేను పుట్టింట్లోనే ఉన్నాను. ముందురోజు వాన పడింది, చేను పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉంది. సగం దూరం దాటాక పిల్ల మెడ చాపింది, కానీ నల్లగుర్రాన్ని దాటలేకపోయింది. అది ఓడిపోవడం మేమంతా మొదటిసారి చూశాం. జనం ఈలలు వేస్తున్నారు. గెలిచిన పిఠాపురం ఆయన తన గుర్రం దిగి, బహుమతి వైపు వెళ్ళకుండా మా పిల్ల దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు చూశాం. కుడి ముందరి కాలు నేల మీద ఆనించడం లేదు.

"ఈ కాలుతోనేనా ఇంత దూరం వచ్చింది?" అన్నాడాయన. అన్నయ్య దాని మెడకు తల ఆనించి నిలబడిపోయాడు.

నరం తెగిందనీ, నడవడానికి ఇబ్బంది ఉండదు గానీ ఇక పరుగు మాట మర్చిపొమ్మనీ పశువుల డాక్టరుగారు చెప్పారు.

మా ఊరి పెద్ద ఆసామి ఒకాయనకు మంచి మగగుర్రం ఉండేది. ఆయన మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "పరుగు పోయినా కడుపు ఉంది కదయ్యా. జత కట్టిద్దాం. మొదటి పిల్ల నాది, రెండోది నీది," అన్నారు. అన్నయ్య ఒప్పుకున్నాడు.

మొదట మగపిల్ల పుట్టింది. తల్లి రంగు, తల్లి మెడ. పాలు మానే వయసు రాగానే ఆసామిగారి మనుషులొచ్చి తీసుకెళ్ళారు. ఇక్కడ మా పిల్ల గుంజ చుట్టూ తిరుగుతూ సకిలించింది. గొంతు బొంగురుపోయినా మానలేదు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "బిడ్డను ఇచ్చేసేట్టయితే దాన్ని ఈనించడం ఎందుకురా?" అని అన్నయ్యను అడిగింది. అన్నయ్య ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మగపిల్ల పెరిగి, తల్లి గెలిచిన ప్రతి చోటా గెలిచింది. మైకులో ఆసామిగారి పేరు చెప్పేవాళ్ళు. అది న్యాయమే, గుర్రం ఆయనది. అన్నయ్య మాత్రం ప్రతి పందేనికీ వెళ్ళి జనంలో నిలబడి చూసి వచ్చేవాడట. ఇంటికొచ్చి, "ఈరోజూ అంతేనే, సగం దూరం దాకా బద్ధకం," అని పిల్లతో చెప్పేవాడని అమ్మ అంది. తర్వాత ఆసామిగారి కొడుకులు పొలాలను రొయ్యల చెరువులకు ఇచ్చేశారు. పశువులన్నీ పోయాయి, ఆ గుర్రాన్నీ ఎవరికో అమ్మారు. అనకాపల్లి వైపు వెళ్ళిందన్నారు. అంతకుమించి మాకు తెలియదు.

రెండోది ఆడపిల్ల, మాది. చూడ్డానికి బొమ్మలా ఉండేది గానీ దానికి పరుగంటే గిట్టదు. కాలవ గట్టు మీద వదిలితే గడ్డి మేస్తూ నిలబడేది. మంచి మాటలు, బెల్లం, కోపం, ఏదీ పని చెయ్యలేదు. చివరికి అన్నయ్య దాన్ని నిడదవోలు బ్యాండుమేళం వాళ్ళకు ఇచ్చేశాడు, పెళ్ళికొడుకుల్ని ఎక్కించడానికి. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే స్టేషన్ రోడ్డులో ఊరేగింపు ఎదురైంది. చెవులు పగిలే డీజే, టపాకాయలు, తలపాగాతో వణికిపోతున్న పెళ్ళికొడుకు. వాటి మధ్య అది, జరీ గుడ్డ కప్పుకుని, నుదుటి మచ్చ మీద తళుకులు అంటించుకుని, నింపాదిగా నడుస్తోంది. అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

"భయపడుతోందా?" అన్నాడు.

"లేదన్నయ్యా. దానికేం పట్టలేదు."

"అయితే బతికేస్తుందిలే. పరిగెత్తితేనే గుర్రమా?"



పిల్ల బాగా పెద్దదయ్యాక, దానితో జత కట్టిన ఆసామిగారి పాత మగగుర్రం ఇంకా ఉన్నప్పుడే, ఆయన మాటవరసకు "చివరిగా ఇంకొక్కటి చూద్దామా? ఈసారి నీకే," అన్నారట. అన్నయ్య చాలా రోజులు వెనకాడి, సరేనన్నాడు. పిల్ల నిండు చూడితో ఉండగా కరోనా రెండోసారి విరుచుకుపడింది. బళ్ళు మూసేశారు. అన్నయ్యకు జ్వరం వచ్చింది. ఊపిరి అందకపోతే కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉందని నేను పుట్టింటికి వెళ్ళాను.

గుర్రం గురించి నాకేమీ తెలియదు. అన్నయ్య ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియో కాల్ చేసి చెప్పేవాడు. మాటకూ మాటకూ మధ్య ఆయాసం.

"పొదుగు చూశావా? మొనల దగ్గర మైనంలా కట్టిందా?"

"ఇంకా లేదన్నయ్యా."

"కడితే ఇంక దగ్గరపడ్డట్టే. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు."

పెట్టాను. "ఏంటే పిల్లా," అన్నాడు. దాని చెవులు నిటారుగా లేచాయి. ఫోను వెనక అతను ఉన్నాడేమోనని నా భుజం మీదుగా వీధి గుమ్మం కేసి చూసింది. వీడియోలో అన్నయ్య అది చూసి నవ్వబోయాడు, దగ్గు వచ్చింది, నర్సమ్మ ఫోన్ తీసుకుంది.

అదే ఆఖరు. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మమ్మల్ని దగ్గరకు రానివ్వలేదు. అక్కడే, ఎవరో తెలియని మనుషుల చేతుల మీదుగా భూస్థాపన కూడా అయిపోయింది. అయ్యగారు మా గేటు బయట నిలబడి, మాస్కులోంచే ప్రార్థన చేశారు. ఆసామిగారు వచ్చి, దూరంగా గోడ పక్కన నిలబడి, తువ్వాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. లోపలికి రమ్మనడానికి మాకు లేదు, రావడానికి ఆయనకు లేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం పొదుగు మొనల మీద మైనం కనిపించింది. అన్నయ్యకు చెప్పాలని చేతిలోకి ఫోన్ తీసుకున్నాను. తీసుకున్నాక గుర్తొచ్చింది.

బాగా పొద్దెక్కాక ఈనింది. ఆడపిల్ల. అమ్మ పాతచీరతో దాన్ని తుడుస్తూ గట్టిగా ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పిల్ల లేచి బిడ్డను నాకి, పాలు ఇచ్చింది. కానీ మేత సరిగ్గా ముట్టేది కాదు. ఎప్పుడూ వీధి గుమ్మం వైపే తిరిగి నిలబడేది. కొన్ని వారాలకు కడుపునొప్పి వచ్చి పొర్లడం మొదలుపెట్టింది. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి ఇంజక్షన్లు చేశారు. మూడోసారి వచ్చేసరికి అవసరం లేకపోయింది. చుట్టుపక్కలవాళ్ళు జేసీబీ తెచ్చి, మా దొడ్లోనే గొయ్యి తీశారు. ఒకప్పుడు ట్రాక్టర్లెక్కి దాన్ని చూసిన ఊరు. ఆ రోజు పట్టుమని పదిమంది లేరు. రోగం భయం.

తల్లిలేని దాన్ని అమ్మా నేనూ ఆవుపాలు సీసాతో పట్టి పెంచాం. బళ్ళు తెరిచారు, నేను వెళ్ళక తప్పదు. దాన్ని చూసుకోవడం అమ్మ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అప్పుడు పిఠాపురం ఆయన వచ్చాడు. మీసాలు తెల్లబడిపోయాయి.

"నాకివ్వండమ్మా. మీ అబ్బాయి గుర్రం తోక చూస్తూ ఎన్నేళ్ళు పరిగెత్తానో నాకు తెలుసండి. దీన్ని బాగా చూసుకుంటాను."

అమ్మ తాడు ఆయన చేతికిచ్చింది.

పెరిగాక ఆయన దాన్ని పందేలకు దింపాడు. ఫోన్ చేసి నిజమే చెప్పాడు. "మంచి గుర్రమేనమ్మా. కానీ తల్లి పరుగు రాలేదు. సగం దాటాక వస్తుందేమోనని ప్రతిసారీ చూస్తాను. రాదు." ఇప్పుడిక పరిగెత్తించడం మానేశాడట. ఇంటి దగ్గరే ఉంటోంది.

మొన్న వేసవిలో అమ్మ దాన్ని చూడాలంది. బస్సెక్కించి తీసుకెళ్ళాను. పాకలో ఎర్రగా, నున్నగా ఉంది. నుదుట మచ్చ లేదు. అమ్మ దాని దగ్గరకెళ్ళి, "ఏంటే," అని పలకరించింది. అది ఒకసారి చూసి మళ్ళీ మేతలో తల పెట్టింది. అమ్మ సంచీలోంచి బెల్లం తీసి అరచేతిలో పెట్టి చాపింది. చాలాసేపు అలాగే చాపి నిలబడింది. చివరికి అది వచ్చి తిన్నాక, చెయ్యి చీరకు తుడుచుకుని, "పోదాం పద, బస్సు దొరకదు," అంది.

తిరుగు ప్రయాణంలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సామర్లకోట దాటాక వాన మొదలైంది. కిటికీ అద్దం మూద్దామంటే ఆమె నిద్ర చెడుతుందని అలాగే వదిలేశాను.