కన్నె ఈగల గది బయట

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ల్యాబులో ఉన్నంతసేపూ తల్లో తండ్రో ఆ బిల్డింగులోనే ఉండాలని యూనివర్సిటీవాళ్లు చెప్పారు. అందుకని శని, ఆదివారాలు గచ్చిబౌలిలో ఆ వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చునేదాన్ని. నా బిడ్డ పదో తరగతి. బడిపిల్లలకు ల్యాబు పని నేర్పే ఆ క్లాసులకు సర్కారు బడిలో సైన్సు టీచరమ్మ దాని పేరు పంపింది. వాళ్లు మాట్లాడించి చూసి తీసుకున్నారు. మిగతావాళ్లంతా పెద్ద పెద్ద బడుల పిల్లలు.

అక్కడ తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. లోపలికి నన్ను రానియ్యరు, బయటికి నేను పోకూడదు. కోకాపేటలో నేను వంట చేసే ఇళ్లకు ఆ రెండు రోజులు రానని చెప్పేశాను. ఒకామె మానిపించింది. మిగతావాళ్లు గొణిగి ఊరుకున్నారు.

లోపల వాళ్లు పెంచేది ఈగలను. అరటిపండు మీద ముసిరే సన్న ఈగలు ఉంటాయి చూడండి, అవే. మనం ఇంట్లో చేత్తో విదిలించి కొట్టేవాటికి అక్కడ గాజు సీసాల్లో మేత పెడతారు. నా బిడ్డకు పని నేర్పించేది గోదావరి దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. అక్కడే పెద్ద చదువు చదువుతోంది. బయటికి వచ్చినప్పుడల్లా నన్ను పలకరించకుండా పోయేది కాదు. ఒకరోజు నేనే అడిగాను.

"పొద్దుగాల పొద్దుగాల పిల్లను ఉరికిస్తున్నరు, గా ఈగలకు అంత తొందరేందమ్మా?"

"కన్నె ఈగల్ని ఏరాలి ఆంటీ. ఆడ ఈగ గూట్లోంచి బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే మగవాటి నుంచి వేరు చేసెయ్యాలి. ఆలస్యమైతే కలిసిపోతాయి. ఇంక వాటి పిల్లలకి తండ్రెవరో తెలీదు. చేసిందంతా వేస్టండి."

"మా ఊర్ల ఆడపిల్లలకు గిట్లనే కాపలా ఉంటుండె," అన్నాను.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "ఈ మాట మా సార్‌కి చెప్పాలి ఆంటీ మీరు." నవ్వు ఆగకముందే ఇంకోటి అడిగింది. "అంకుల్ ఎప్పుడూ రారేంటండీ? కోకాపేట టవర్స్‌లో చేస్తారటగా, ఆదివారం కూడా డ్యూటీయేనా?"

నా భర్త పోయిన వానాకాలం డెంగీ జ్వరం వచ్చి దవాఖానలో చనిపోయాడు. సెంట్రింగ్ పని చేసేవాడు, స్లాబు కింద చెక్కలు, ఇనుప గుంజలు బిగించే పని. కోకాపేటలో చేసిన మాట నిజమే. నేను తలుపు వైపు చూశాను. అది మూసే ఉంది.

"అవునమ్మా," అన్నాను, "పని ఎక్కువుంటది."

సాయంత్రం బస్టాపులో బిడ్డను నిలదీశాను.

"మీ నాయిన ఉన్నడని చెప్పినవా?"

"లేడని చెప్పలే."

"రెండూ ఒకటేనాయె."

"మొదటిరోజు అందర్ని లేపి, మీ డాడీ ఏం చేస్తడని అడిగిన్రు. ఒకని డాడీ సాఫ్ట్‌వేర్, ఒకామె డాడీ డాక్టరు. నేను కోకాపేట టవర్లల్ల పనిచేస్తడు అన్న. చెయ్యలేదా?"

"చేసిండు."

"మరి? మా బడిల ఏమైంది? స్టేజి ఎక్కించి, తండ్రి లేని పిల్ల అని మైకుల చెప్పి బ్యాగు ఇచ్చిన్రు. అప్పటిసంది లెక్క తప్పు చేసినా అయ్యో పాపం అంటరు. ఈడ తప్పు చేస్తే అక్క తిడుతది. నాకు గదే మంచిగున్నది." కొంచెంసేపు బస్సుల వైపు చూసింది. "ఆ గదిల నాయిన ఇంకా పనికి పోతున్నడమ్మా. పోనీ."

ఆయన పోయాక కూడా బొట్టు పెట్టుకుంటూనే ఉన్నాను కాబట్టి చూసినవాళ్లకు అనుమానం రాదు. మెడలో పుస్తె మాత్రం లేదు. ఆ వారం నుంచి ఆ బిల్డింగులో అడుగుపెడితే మెడ నిండా కొంగు కప్పుకునేదాన్ని. ఆ అమ్మాయి టీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. అంకుల్‌కి ఏ కూర ఇష్టం అండి, అంకుల్ కూడా చదువుకున్నారా అండి అని మంచిమనసుతోనే అడిగేది. నేను ఉన్నవాడి గురించి చెప్పినట్టు చెప్పేదాన్ని. ఒక్కోసారి చెబుతూ చెబుతూ నేనే నమ్మేదాన్ని.

ఇట్లా ఉండగా మా మరిది ఫోన్ చేశాడు. ఊరు సంగారెడ్డి అవతల. అన్న సంవత్సరీకం ఆదివారం పడిందని, బిడ్డను తీసుకుని శనివారమే రమ్మని చెప్పాడు. సరిగ్గా ఆ ఆదివారమే బిడ్డ సీసాల్లో ఈగలు బయటికి వచ్చే రోజు. నెలల తరబడి ఒక రకం ఈగలను ఇంకో రకంతో కలిపి పెంచుకుంటూ వచ్చింది. ఆ రోజు ఏరకపోతే అన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలి, పిల్లలందరూ తమ పని చూపించే రోజుకు దాని చేతిలో ఏమీ ఉండదు.

సెలవు అడిగితే ఇయ్యరా అంటే, ఇస్తారు. శనివారం నా కళ్లముందే ఇచ్చారు. ఒక పిల్లగాడు వరండాలోకి వచ్చి, రేపు మా కజిన్ పెళ్లి అక్కా అన్నాడు. "దానికేముందిరా, నీ సీసాలు చల్ల అలమారాలో పెట్టేస్తా. చలికి మెల్లగా పెరుగుతాయి, సోమవారం నేనే ఏరి పెడతా. నాకు లడ్డూ తేవాలి మరి," అంది ఆ అమ్మాయి. నా బిడ్డ పక్కనే నిలబడి ఉంది. అడగమని కళ్లతో సైగ చేశాను. అది తల వంచుకుని బూట్లు చూసుకుంది.

ఆ అమ్మాయి లోపలికి పోయాక దాన్ని పట్టుకున్నాను. "నువ్వు సుత పెండ్లి ఉన్నదని చెప్పరాదే?"

"నాయిన దినం పెట్టుకొని పెండ్లని చెప్పాల్నా అమ్మా?"

"అయితే ఉన్నమాట చెప్పు."

"చెప్పినంక ఈడ సుత చచ్చిపోతడు." కార్డు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ అమ్మాయి ఏమీ అనేది కాదు, అయ్యో అనేది. ఆ అయ్యోకే నా బిడ్డ భయపడుతోంది. అక్కడ కూర్చుని మరిదికి ఫోన్ చేశాను.

"ఈగల కోసం అన్న దినం ఇడిసిపెడ్తవా వదినా? నలుగురికి ఏం చెప్పాలె నేను?"

"పిల్ల చదువు తమ్మీ."

"గదేం చదువు? ఈగలు మనింట్ల లేవా?" చాలాసేపు తిట్టాడు. చివరికి గొంతు తగ్గించాడు. "మేమీడ చేస్తం తియ్. మీరున్న కాడనే ఒక ఇస్తరి పెట్టున్రి. కాకి ముట్టేదాక ఇద్దరూ ముద్ద ముట్టద్దు."

ఆదివారం తెల్లవారకముందే బగారా అన్నం, కోడికూర వండి డబ్బాలో పెట్టుకున్నాను. ఆయనకు ఇష్టమైన బీడీలు కూడా. పొద్దుటి ఏరుడు అయ్యాక బిడ్డ తెల్లకోటుతోనే బయటికి వచ్చింది. ల్యాబు వెనక రాతిగుట్టల దగ్గర విస్తరి వేశాను. దాని చేత వడ్డించి, నీళ్లు విడిపించాను. పక్కకు జరిగి నిలబడ్డాం. కాకులు లేవు. ఆకలికి పిల్ల మొహం వాడిపోయింది. కొంతసేపటికి పొదల్లోంచి ఒక నెమలి వచ్చి విస్తరిలో ముక్కు పెట్టింది.

"హుష్," అని చెయ్యెత్తబోయాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"తిననీ. నాయిన సోకులు తెల్వదా నీకు? కాకి లెక్క ఎందుకొస్తడు?"

ఇద్దరం నవ్వాం. ఏడాదిలో అట్లా నవ్వలేదు. అప్పుడే మెట్ల మీంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది.

"ఇక్కడున్నావా! నీ ఇంకో సీసాలో బయటికొచ్చేస్తున్నాయి, రా త్వరగా." దగ్గరికి వచ్చి విస్తరి చూసింది, అన్నం పక్కన బీడీలు చూసింది. "ఏంటండీ ఆంటీ ఇది?"

నా బిడ్డ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. గోళ్లు దిగాయి.

"మొక్కు బిడ్డా," అన్నాను. "మా ఆయనకు బాగుండాలని."

"అంకుల్‌కి ఒంట్లో బాలేదా అండి?"

"ఇప్పుడు జర నయమే."

"హమ్మయ్య," అంది ఆ అమ్మాయి.

బిడ్డ నా చెయ్యి వదిలింది. నా మొహం చూడకుండా ఆమె వెనకాలే మెట్లెక్కింది. ఏమీ తినలేదు. నెమలి అన్నమంతా చిమ్మి పోయింది. ఫోన్ మోగింది, మరిది. కాకి ముట్టిందా అని అడిగాడు.

"ముట్టింది," అని చెప్పాను.