నీళ్లు తేరేదాకా

కందులు కడిగిన నీళ్లను మా అత్త వెంటనే పారబొయ్యనిచ్చేది కాదు. నర్సంపేట దగ్గరి వాళ్ల ఊళ్లో పురుగు పట్టకుండ కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి దాస్తరు. మామ కొనుక్కొచ్చే విత్తనాలకేమో మట్టికి బదులు ఎర్రటి విషపు మందు పూసి ఉంటది. చూస్తే రెండూ ఒక్కతీరే. "మట్టైతే అడుగుకు దిగుతది, మందైతే దిగదు. జర నీళ్లు తేరనియ్యి బిడ్డా" అనేది.

ఒకనాడు అత్తా నేనూ చేనుకు పోయి వచ్చేసరికి, మామ ఆకలికి ఆగలేక తనే కంది గుడాలు ఉడకేసుకొని తింటాండు. అత్త పళ్లెం గుంజుకున్నది.

"ఏ డబ్బాలయి తీసినవ్?"

"ఏమో, రెండూ ఎర్రగనే ఉన్నయి" అన్నడు మామ. చెయ్యి మెల్లగ కడుపు మీదికి పోయింది.

కందులు కడిగిన గిన్నె ఇంకా మూలకే ఉన్నది. అత్త దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నది. నీళ్లు ఎర్రగనే ఉన్నయి. ఎంతసేపు చూసినా తేరుతలేవు.

"ఆటోను పిలువు బిడ్డా, దవాఖానకు పోదాం" అన్నది.

ఫోన్ తీస్తుంటే ఆమె చేతులు కనబడ్డయి. వణుకుతున్నయి, గిన్నెల నీళ్లు అంచు దాకా కదులుతున్నయి. అట్ల వణుకుతుంటే మట్టైనా ఎట్ల దిగుతది? గిన్నె తీసుకొని నేల మీద పెట్టిన. ముగ్గురం దాని చుట్టూ కూసున్నం. మెల్లమెల్లగ పైన నీళ్లు తేటబడ్డయి. అడుగున మట్టి.

మామ నవ్విండు. అత్త నవ్వలేదు. ఆ నీళ్లు మళ్ల ఎర్రబడ్తయేమో అన్నట్టు పొద్దూకేదాకా పోయి చూస్తనే ఉన్నది.