నాలుగో గేరుకు చప్పట్లు

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మెకానిక్ ఒక ఉదయం కిలో బంగాళాదుంపలు కొనుక్కొచ్చి ఇంట్లో మళ్ళీ తూచాడు. సరిగ్గా కిలో ఉన్నాయి. దాంతో ఇంట్లో ఉన్న త్రాసు మీద అనుమానం వచ్చింది. షెడ్డులో తోటివాళ్ళు ఆయన్ను ‘డౌటు’ అనే పిలుస్తారు. భార్య మాత్రం ఏ పేరుతోనూ పిలవదు. పిలిస్తే, ఎందుకు పిలిచిందా అని మధ్యాహ్నం దాకా ఆలోచిస్తాడు.

ఈయన ఒకప్పుడు గిటార్ వాయించేవాడంటే వీధిలో ఎవరూ నమ్మరు. నలుగురు కుర్రాళ్ళ రాక్ బ్యాండు, పేరు నాలుగో గేరు. పాట లేదు, మాట లేదు, ఉత్త వాయిద్యాలే. నలుగురూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఎక్కడా ఆపకుండా ముప్పావుగంట వాయించేవారు. చివరి దెబ్బ పడగానే యాంప్లిఫయర్ స్విచ్ ఆపేసి, అద్దె సామాను అక్కడే వదిలేసి, గిటార్లతో వెనక తలుపు గుండా వ్యాను ఎక్కేసేవారు. ఆ నియమం ఇతను పెట్టిందే. ఆగితే అడుక్కున్నట్టుంటుందట. డ్రమ్ముల పక్కనే నిలబడేవాడు కనుక చెవుల్లో దూది కుక్కుకునేవాడు. వ్యాను నడిపేదీ ఇతనే.

బ్యాండును ఆపేసిందీ ఇతనే. “ఒక్కడైనా చప్పట్లు కొట్టాడా?” అని చివరి కచేరీ తర్వాత అడిగితే డ్రమ్మరు, “హాలంతా కొట్టింది కదరా, దూది తీసి చావు” అన్నాడు. ఓదార్చడానికి అలా అంటున్నాడని ఇతను తేల్చుకుని, అబద్ధాలకోరువన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఈమధ్య ఆ బ్యాండుకు మళ్ళీ పేరొచ్చింది. అప్పట్లో బాల్కనీలో కూర్చుని, ఒళ్ళో టేప్‌రికార్డర్ పెట్టుకుని మూడు కచేరీలు రికార్డు చేసిన పోస్ట్‌మ్యాన్ ఒకతను రిటైరయ్యాక వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాడు. కుర్రకారు ఎగబడి వింటున్నారు. ఆల్బమ్‌గా వేస్తామని ఒక కంపెనీ వచ్చింది. ముగ్గురు సరేనన్నారు. మెకానిక్ ఒప్పుకోవాలి.

పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి ఫోనులో చివరి కచేరీ వినిపించాడు.

“ఈ చప్పట్లెక్కడివి?” అన్నాడు మెకానిక్.

“మీవే అన్నా.”

“ఏదో క్రికెట్ మ్యాచ్‌వి తెచ్చి అతికించావా?”

“ఇన్నేళ్ళ సర్వీసులో స్టాంపులు అతికించాను గానీ, చప్పట్లు అతికించడం నాకు రాదన్నా.”

“ఆయనకి టీ ఇమ్మంటారా, ముందు పాలు పరీక్ష చేస్తారా?” అంది లోపలినుంచి భార్య.

మెకానిక్ అసలు క్యాసెట్ తెమ్మన్నాడు.

మర్నాడు పోస్ట్‌మ్యాన్ అది తేగానే మెకానిక్ పెన్సిలుతో తిప్పుతూ టేపు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎక్కడా అతుకు లేదు. అప్పుడు పాత ప్లేయర్లో వేశాడు. చివరి దెబ్బ పడింది. యాంప్లిఫయర్ గుర్రుమంటూండగానే చప్పట్లు లేచాయి. స్విచ్ టక్ మంది. గుర్రు ఆగింది. చప్పట్లు ఆగలేదు. “ఇంకోటి! ఇంకోటి!” అని అరుపులు. మెకానిక్ వేలు స్టాప్ మీదకు వెళ్ళింది.

“ఆపకన్నా, ఉంది” అన్నాడు పోస్ట్‌మ్యాన్.

దూరంగా, హాలు వెనకనుంచి, హారన్ రెండుసార్లు మోగింది. రికార్డరు పక్కనే ఒక అమ్మాయి, “అయ్యో, వెళ్ళిపోతున్నార్రా!” అంది. చప్పట్లు చెదిరిపోయాయి. కుర్చీలు జరిగిన చప్పుడు.

“ఆ హారన్ ఎవరు కొట్టారండీ?” అని అడిగింది భార్య.

“నేనే. గేటు తియ్యమని.”

“అదీ అతికించిందేనా?”

మెకానిక్ టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

సాయంత్రం ఆ క్యాసెట్ జేబులో వేసుకుని, డ్రమ్మరు నడిపే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. డ్రమ్మరు ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తూ తలెత్తాడు.

“ఏంటి, ఇప్పుడు దేనిమీద డౌటు?”

“టేపు విన్నాను. కొట్టారు.”

“నేను చెబితే అబద్ధం, డబ్బా చెబితే నిజమా?”

“తప్పు నాదేరా.”

డ్రమ్మరు ఆ స్క్రూ బిగించేదాకా అతన్ని నిలబెట్టే ఉంచాడు. తర్వాత కాలితో స్టూలు ఇటు తోసి, “మిగతా రెండు క్యాసెట్లూ తెచ్చావా?” అన్నాడు.