ఒంటి చేతి జాకెట్టు

ఒంటిచేతి దర్జీ అంటే ఆయనకో చేయి లేదనుకునేరు. ఆయనకు రెండు చేతులూ దివ్యంగా ఉన్నాయి. ఎన్నికలొస్తే ఆయన కుట్టే బట్టలకే రెండోది ఉండదు. చొక్కా కానీ జాకెట్టు కానీ, ఒక చేయి అతికించి వంకెకు తగిలిస్తాడు. ఓటేసి వేలి మీద సిరా చూపించాకే రెండోది.

డాక్టరుగారంతటి మనిషి బతిమాలినా వినలేదు. పాపం ఆయన ఒంటిచేతి చొక్కా మీద కోటు తొడుక్కుని, ఎండలో వరుసలో నిలబడి ఓటేసొచ్చాడు. పంతులమ్మ తెలివిగా పెన్ను సిరా పూసుకొచ్చింది. దర్జీ తడిగుడ్డతో ఆమె వేలు తుడిచి, వాకిలి చూపించాడు.

మూలింటి కోడలికి మాత్రం ఈ వేళాకోళం నచ్చలేదు. తెల్లవారితే తమ్ముడి పెళ్లి. పోలింగు రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చి చూస్తే జాకెట్టుకు ఒకటే చేయి. ఒళ్లు మండిపోయింది.

"నేను ఓటేసి పదకొండేళ్లయింది. మంచం మీదున్న అత్తయ్యను ఎవరికి అప్పజెప్పి పోను బాబాయ్?" అని కడిగేసింది. ఓటేయాలని ఆమెకు లేక కాదు. వీధిలో అందరూ సిరా వేళ్లు చూపించుకుంటుంటే ఆమె తన వేలు కొంగులో దాచుకునేది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా" అన్నాడు దర్జీ. చేతిమిషను భుజానికెత్తుకుని, కొట్టుకు తాళం వేసి ఆమె వెంట నడిచాడు. అత్తగారి మంచం పక్కన చతికిలబడి, మంచినీళ్లు పట్టడం, దిండు సర్దడం తనకు వచ్చుననీ, ఇక బయల్దేరమనీ తొందరపెట్టాడు.

ఆమె ఓటేసి పరుగున వచ్చేసరికి జాకెట్టుకు రెండో చేయి వచ్చేసింది. అత్తగారు ఎన్నాళ్లకో పకపకా నవ్వుతోంది. పొద్దుటి నుంచి ఆయన ఇలా కాపలా కూర్చున్నది ఇది మూడో ఇల్లట. చేయి కుట్టకుండా ఆపితేనే జనం కోపంలో అసలు సంగతి కక్కేస్తారట. ఏ ఇంట్లో ఎవరికి కదిలే వీల్లేదో అలాగే తెలుసుకుంటాడట. అంతా అత్తగారే చెప్పింది.

కోడలికి కళ్లు చెమర్చాయి. "మీ రుణం తీర్చుకోలేను బాబాయ్" అంటూ ఆయన చేతులు పట్టుకుంది. ఆయన వేలి మీద మాత్రం సిరా లేదు.

మరి మీ ఓటో అంటే దర్జీ నాలుక కరుచుకున్నాడు. ఇళ్ల చుట్టూ తిరగడంలో మరిచేపోయాడట. ఆరింటికి పోలింగు కేంద్రం మూసేస్తారు, గోడ గడియారంలో అయిదూ నలభై అయింది.

కోడలు ఆయన మెడలోని కొలతల టేపు చటుక్కున లాగేసుకుంది.

"వేలు చూపిస్తేనే ఇది."

దర్జీ చెప్పులు కూడా మరిచి పరుగెత్తాడు. ఆరూ పదికి వేలు పైకెత్తుకుని, వీధి వీధంతా చూస్తుండగా తిరిగొచ్చాడు. కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చి, ఆ టేపును దండలా ఆయన మెడలో వేసింది.