గడప అవతలి ఎండ

నాంపల్లి సందులో చీరలకు ఫాల్స్ కుట్టే అండాలు మెడలోని పుస్తెలతాడుకు ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుంటాయి, చూపుడువేలికి దారం చుట్టి ఉంటుంది. చీరకు సరిపోయే గుడ్డ కోసం ఆమె రోజూ అబిడ్స్‌లోని మ్యాచింగ్ సెంటర్‌కు నడిచి వెళ్తుంది. ట్యూబ్‌లైటు కింద చూసిన రంగును నమ్మదు. గుడ్డను గడప దాటించి, ఎండలో చీర కొంగు పక్కన పెట్టి, కళ్లు చికిలించి చూసుకుంటేనే ఆమెకు తృప్తి. షాపులో పాతవాళ్లకు ఈ అలవాటు తెలుసు. మొన్న కొత్తగా చేరిన సెక్యూరిటీవాడు మాత్రం దొంగతనమని చెయ్యి పట్టుకున్నాడు.

కొత్త మేనేజర్ పరుగున వచ్చాడు. "లోపలి రూముకు నడువ్. సంచి ఎతకాలె, నిన్ను గుడ ఎతకాలె."

అండాలు చెయ్యి విదిలించుకుని గడప మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "రూముకు రాను. నా మీద చెయ్యేసే హక్కు నీకెవలిచ్చిన్రు? పోలీసోల్లను పిలువు. ఎతికితే ఆడ పోలీసే ఎతకాలె."

కొనడానికి వచ్చినవాళ్లు ఆమెను దాటలేక బయటే నిలబడిపోయారు. పాత సేల్స్‌మన్ చెవిలో ఆమె అలవాటు సంగతి చెప్పాక మేనేజర్ గొంతు తగ్గించాడు. "సరే, పోమ్మా."

"గట్లెట్ల పోత? అందరి ముందట దొంగన్నవ్. కాదని అందరి ముందటనే చెప్పు."

అతను చెప్పేదాకా ఆమె లేవలేదు.

మర్నాడు మళ్లీ వచ్చింది. గుడ్డ పట్టుకుని, సెక్యూరిటీవాడి ముందు నుంచే గడప దాటి, మెట్లు దిగి, ఈసారి రోడ్డు దాకా నడిచింది.

"గీడ ఎండ ఇంకా మంచిగున్నది," అంది, వెనక్కి తిరగకుండానే.