సోమశిల దగ్గర వెనక్కి తిరిగిన బోటు

కృష్ణ దాటాలంటే సోమశిల రేవులో మరబోటు ఎక్కాల్సిన రోజులవి. ఆ రోజు సగం నది దాటాక ఒక ముసలాయన గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. దగ్గరి దవాఖాన వెనక కొల్లాపూర్‌లో ఉంది. బోటాయన వెనక్కి తిప్పబోతే, పనుల మీద పోయేవాళ్లు గొణిగారు.

నా పక్కనున్న ఆడమనిషి లేచి నిలబడింది.

"తిప్పు అన్నా. నేను మా తమ్ముని కడసూపుకు పోతున్న. నేనే ఆగుత, వీళ్లాగరా?"

బోటాయన బోటు వెనక్కి తిప్పాడు.

రేవు చేరగానే బోటాయన ముసలాయనను జీపులో తీసుకుపోయాడు. మేమంతా ఎండలో కూర్చున్నాం. ఆమె అవతలి ఒడ్డునే చూస్తూ ఉంది.

జీపు తిరిగొచ్చాక బోటాయన నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు.

"బతికిండక్కా. భయం లేదన్నరు."

"మాట్లాడిండా?"

"ఆఁ. ఇంటికి పోదాం పాండ్రి అంటుండు."

ఆమె నా నీళ్ల సీసా అడిగి తీసుకుని గడగడా తాగింది. అందరికంటే ముందు బోటెక్కింది.

అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే, అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తున్న చుట్టాల్లోంచి ఒక కేక వినిపించింది. "తమ్ముని ఎత్తకుండ నీ కోసమే ఆపినం, రా అక్కా!"

ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. బోటులో అందరం ఊపిరి పీల్చుకున్నాం.